45 మీటర్ల గుండె

ఒక మనిషి గుండె అరగంట సేపు కొట్టుకున్న తీరంతా కాగితం మీద గీస్తే ఆ కాగితం పొడవు 45 మీటర్లు వస్తుంది. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది, లెక్క ఎవరైనా వేసి చూసుకోవచ్చు. 1970ల చివరిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో అలాంటి చుట్టలు ఒక్కో రికార్డుకు రెండేసి అచ్చు తీసి, ఇద్దరు హృద్రోగ నిపుణుల చేతికి చెరొకటి ఇచ్చారు. ఇద్దరూ విడివిడిగా పనిచేయాలి. కాగితం అంచున, కంప్యూటర్ తనకు కనిపించిన ప్రతి బీటుకూ 'మామూలు' అని గుర్తు పెట్టేసి ఉంది. దానికి అంతకు మించి తెలివి లేదు. డాక్టర్లు ఆ గీత వెంట కళ్లు పెట్టుకుని సాగుతూ, కంప్యూటర్ చూడకుండా వదిలేసిన బీటును చేర్చాలి, లేని బీటును ఉన్నట్టు రాస్తే కొట్టేయాలి, లయ తప్పిన బీటు ఏ రకమో పేరు పెట్టాలి. 45 మీటర్లు అయ్యాక ఇంకో 45 మీటర్లు.

రెండు చుట్టలూ తిరిగొచ్చాక వాటిని పోల్చి, ఎక్కడ ఇద్దరికీ పొసగలేదో అక్కడ గుర్తు పెట్టి మూడో చుట్ట అచ్చు తీశారు. ఇక ప్రతి తగాదానూ కూర్చుని తేల్చుకోవాలి. ఇలా లక్షకు పైగా బీట్లు ఒక్కొక్కటే మనిషి కంటి కిందుగా దాటాయి. చేయించినవాళ్లు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రోజర్ మార్క్, జార్జ్ మూడీ. గీతలు వచ్చింది బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి నుంచి. 1975 నుంచి 1979 దాకా అక్కడి రోగులకు నడుముకు కట్టిన, గంటల తరబడి గుండె గీత పట్టే హోల్టర్ రికార్డర్ల టేపులు 4 వేలకు పైగా పోగయితే, వాటిలోంచి 48 ముక్కలు ఎంచారు. 23 ముక్కలు చీటీ తీసినట్టు, మిగతా 25 అరుదైన జబ్బులు దొరకాలని వెతికి మరీ. మనుషులు మాత్రం 47 మందే, ఎందుకంటే 201, 202 నంబర్లు రెండూ ఒకే మనిషివి. 25 మంది మగవాళ్లు, 22 మంది ఆడవాళ్లు. చిన్న వయసు 23, పెద్ద వయసు 89. పేర్లు లేవు. నంబర్లే.

1980లో ఆ సంకలనం బయటికొచ్చింది. అప్పటికి గచ్చిబౌలి అంటే బండరాళ్లూ పొదలూ. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పుట్టి, మొదట్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారింట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. ట్రిపుల్ ఐటీ రావడానికి ఇంకా 18 ఏళ్లుంది. ఆ 47 మందిలో ఎవరికైనా ఈ ఊరి పేరు తెలిసే అవకాశమే లేదు. అయినా ఈ రోజు ట్రిపుల్ ఐటీ చౌరస్తా చుట్టూ ఉన్న ల్యాబుల్లో, హాస్టల్ గదుల్లో, స్టార్టప్ ఆఫీసుల్లో ఈసీజీ మీద పని మొదలుపెట్టే కుర్రాడు మొట్టమొదట తెరిచే ఫైలు ఆ సంకలనంలోని రికార్డు 100. బోస్టన్‌లో ఎవరో ఒక మనిషి గుండె, యాభై ఏళ్లు కావస్తున్నా ఇక్కడ రోజూ మళ్లీ కొట్టుకుంటోంది.

ఈ గాథలో పేర్లున్న వాళ్లందరూ నిజం మనుషులు. వాళ్ల నోట మాటలు పెట్టే సాహసం చేయలేదు. సంభాషణ ఉన్నది ఒక్క చోటే, గచ్చిబౌలిలోని ఒక ల్యాబులో, అది నా ముందు జరిగింది.

* * *

సాయంత్రం ఏడు దాటింది. కిటికీ కింద ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లే కార్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. గదిలో ఏసీ 18 మీద ఉంది. బల్ల మీద చొక్కా విప్పుకుని ఒక బీటెక్ కుర్రాడు పడుకున్నాడు. ఛాతీ మీద మూడు ఎలక్ట్రోడ్లు, వాటి వైర్లు అగ్గిపెట్టెంత బోర్డులోకి, బోర్డు నుంచి ల్యాప్‌టాప్‌లోకి. వాడి సీనియర్ తెర ముందు కూర్చున్నాడు.

"కదలకు."

"కదల్తలేను అన్నా, చలి."

తెర మీద గీత సాఫీగా లేదు. ప్రతి బీటుకూ లేచే నిటారు శిఖరం తెలుస్తోంది గానీ, దాని ముందుండే చిన్న గుబ్బ, వెనకుండే పెద్ద గుబ్బ సన్నటి వణుకులో కలిసిపోయాయి. సీనియర్ ఏసీ ఆపేసి రెండు నిమిషాలు ఆగాడు. వణుకు తగ్గింది. గుబ్బలు తేలాయి.

"ఇప్పుడు పిడికిలి బిగించు."

"ఇట్లనా?"

"ఇంకొంచెం గట్టిగ. రొమ్ము కండ బిగవాలె."

గీత ఒక్కసారిగా బొచ్చు లేచినట్టయింది. శిఖరాలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది.

"వదిలెయ్ రా. ఇదే కావాలె మనకు."

నిజంగానే అదే కావాలి. ఆ బొచ్చు కరెంటు లోపం కాదు, యంత్రం లోపం కాదు. అది కండరం మాట్లాడటం. గుండె కూడా కండరమే, అదీ కరెంటుతోనే మాట్లాడుతుంది. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడుకు ఇది గుండెదీ, ఇది ఛాతీ కండదీ అన్న తేడా తెలియదు. రెండూ కలిసి ఒకే తీగలోంచి వస్తాయి. గుండె డాక్టరుకు కండరం రొద. ఫిజియోథెరపీ వాళ్లకు, కృత్రిమ చేతులు చేసేవాళ్లకు గుండె రొద. ఎడమ భుజం మీద ట్రపీజియస్ కండరానికి ఎలక్ట్రోడు పెట్టి చూడండి, ప్రతి బీటుకూ గుండె శిఖరం అందులోకి చొరబడుతుంది. కండరాల మీద పనిచేసేవాళ్లు అది పోవడానికి 30 హెర్ట్జ్‌ల కింద, అంటే సెకనుకు 30 ఊపుల కంటే నెమ్మదిగా, ఉన్నదంతా కోసేస్తారు. గుండె వైపు యంత్రాల్లో కండరం పోవడానికి 40 హెర్ట్జ్‌ల పైన ఉన్నదంతా కోసే మీట ఉంటుంది. కత్తెర ఇద్దరిదీ ఒకటే, పారేసే ముక్కలే వేరు.

కోయడం సులువే. ఏం కోశామో తెలుసుకోవడమే కష్టం. ఆ తెలివి గుండె డాక్టర్ల నుంచి రాలేదు, ఇంజినీర్ల నుంచీ తిన్నగా రాలేదు. చమురు బావుల నుంచి వచ్చింది.

* * *

కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఓఎన్‌జీసీ సర్వే జట్లు వచ్చి, పొలాల గట్ల వెంట కిలోమీటర్ల పొడవునా తీగలు పరిచి, గోతిలో మందు పేల్చి, భూమి లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రకంపనలను నమోదు చేసుకోవడం ఎరిగిన విషయమే. ఫ్రాన్సులో ఎల్ఫ్ అకితేన్ అనే చమురు కంపెనీలో జాన్ మోర్లే అనే ఇంజినీరు చేసేదీ అలాంటి ప్రకంపనలను చదివే పనే. ఆయన 1931లో పుట్టినవాడు, అక్కడి ప్రఖ్యాత ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదువుకున్నవాడు. తిరిగొచ్చే సంకేతంలో పొరల సరిహద్దు దగ్గర క్షణకాలం పదునైన కదలిక ఉంటుంది, దాని కింద నెమ్మదిగా ఊగే పొడవాటి అల ఉంటుంది. రెండూ కావాలి.

అప్పటిదాకా చేతిలో ఉన్న పనిముట్టు ఫూరియే విశ్లేషణ. అది నెలాఖరున వచ్చే కరెంటు బిల్లు లాంటిది. ఎన్ని యూనిట్లు కాలాయో పైసలతో సహా చెబుతుంది. ఏసీ ఏ రాత్రి ఎన్ని గంటలకు వేశారో చెప్పదు. సంకేతంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో ఫూరియే చెబుతుంది, అది ఎప్పుడు వచ్చిందో మాత్రం ఆ మొత్తంలో కరిగిపోతుంది. సంకేతాన్ని చిన్న కిటికీలుగా తెంపి, కిటికీకో లెక్క వేసే ఉపాయం కూడా అప్పటికే ఉంది. దాని చిక్కల్లా, కిటికీ వెడల్పు ఒకసారి ఎంచుకుంటే ఇక మారదు. ఇరుకుగా పెడితే పొడవాటి అల పట్టదు, వెడల్పుగా పెడితే పదునైన కదలిక ఎక్కడుందో తెలియదు.

1980ల మొదట్లో మోర్లే చేసింది, కిటికీని పారేసి అలనే మార్చడం. ఒక చిట్టి అలను తీసుకున్నాడు. మధ్యలో కొన్ని ఊపులు, రెండు వైపులా చప్పున సద్దుమణిగిపోయే అల. దాన్నే నొక్కి పొట్టిది చేసి సంకేతం మీద నడిపించాడు, సాగదీసి పొడుగు చేసి మళ్లీ నడిపించాడు. పొట్టి అల పదును దగ్గర పలుకుతుంది, పొడుగు అల ఊగిసలాట దగ్గర పలుకుతుంది. ఆకారం ఒకటే, కొలతే మారుతుంది. ఇదే వేవ్‌లెట్.

తోటివాళ్లు పట్టించుకోలేదు. ఇది నిజమయ్యేదే అయితే గణితం పుస్తకాల్లో ఈపాటికి ఉండేది కదా అన్న ధోరణిలో కొట్టిపారేశారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. మోర్లే తన పాత సహాధ్యాయి, భౌతిక శాస్త్రవేత్త రోజే బాలియాన్ దగ్గరికి వెళ్లాడు. ఆయన మార్సెయ్‌లో ఉన్న అలెక్స్ గ్రాస్‌మన్ దగ్గరికి పంపాడు. జాగ్రెబ్‌లో పుట్టిన గ్రాస్‌మన్ క్వాంటం భౌతికం మనిషి. మోర్లే లెక్కలు చూసి, ఇలాంటివి తమ దగ్గర వేరే వేషంలో ఉన్నాయని పోల్చుకున్నాడు. ఇద్దరూ కలిసి 1984లో ఒక వ్యాసం ప్రచురించారు. సంకేతాన్ని చిట్టి అలలుగా విడగొట్టాక, వాటినే కలిపితే అసలు సంకేతం ఏమీ నష్టపోకుండా తిరిగొస్తుందని అందులో గణితం మాటల్లో తేల్చారు. ఇంతకీ మోర్లేకు కంపెనీ ఇచ్చిన బహుమానం ముందస్తు రిటైర్మెంటు. ఆయనతో కలిసి పనిచేసిన పియెర్ గుపిల్లో ఈ సంగతిని ఘాటుగానే రాశాడు.

తర్వాతి మలుపు ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఒక జిరాక్స్ మిషన్ దగ్గర జరిగింది. గణితం వాళ్లకూ, భౌతికం వాళ్లకూ కలిపి ఒకటే మిషన్. భౌతికం వైపు జాన్ లాస్కు గారికి దొరికిన కాగితమల్లా కాపీ తీసే అలవాటు. వెనక ఓపికగా నిలబడేది ఈవ్ మేయర్ అనే గణితజ్ఞుడు. ఒక రోజు లాస్కు చేతిలో ఉన్న వ్యాసం మేయర్‌కు చూపించాడు. అది గ్రాస్‌మన్, మోర్లేలది. అందులోని ఒక సూత్రం మేయర్‌కు బాగా పరిచయం, గణితంలో అది ఇరవై ఏళ్ల నాటిదే. చమురు మనిషి దాన్ని తనంతట తానే తవ్వుకున్నాడు. మేయర్ మార్సెయ్‌కు దొరికిన మొదటి రైలు ఎక్కాడు. 2017లో ఆయనకు ఆబెల్ బహుమతి వచ్చింది.

మిగతాది వేగంగా నడిచింది. స్టెఫాన్ మల్లా అప్పుడు అమెరికాలో కంప్యూటర్ దృష్టి మీద పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. సెలవుల్లో సముద్రం ఒడ్డున ఒక స్నేహితుడి నోట వేవ్‌లెట్ల సంగతి విన్నాడు. 1986లో మేయర్‌ను షికాగోలో పట్టుకుని, అరువు తెచ్చుకున్న ఒక ఆఫీసు గదిలో మూడు రోజులు కూర్చుని, వేవ్‌లెట్ లెక్కను రెండు ఫిల్టర్ల ఆటగా మార్చేశాడు. సంకేతాన్ని సగం వేగం, సగం నెమ్మదిగా విడదీయి. నెమ్మది సగాన్ని మళ్లీ విడదీయి. మళ్లీ. ఇంతే. అగ్గిపెట్టెంత బోర్డు చేయగలిగినంత సులువు. 1988లో బెల్జియం గణితజ్ఞురాలు ఇంగ్రిడ్ దోబషీ ఆ ఫిల్టర్లు పొట్టిగా, కచ్చితంగా ఉండేలా అచ్చులు పోసి ఇచ్చింది. ఈరోజు ఏ కంప్యూటర్ ప్యాకేజీ తెరిచినా డీబీ4, డీబీ6 అని కనిపించే అక్షరాలు ఆమె పేరువే.

ఇక్కడ ఒక పక్కమాట. మన ఇంజినీరింగ్ ప్రాజెక్టు రిపోర్టుల్లో 'డీబీ4 ఆకారం ఈసీజీ శిఖరంలా ఉంటుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నాం' అనే వాక్యం ఒకరి నుంచి ఒకరికి వారసత్వంగా వస్తోంది. పోలిక ఉండటం ఒక కారణమే గానీ, చాలిన కారణం కాదు. శిఖరం ఆకారం మనిషి మనిషికీ, లీడు లీడుకూ, అంటే గుండెను చూసే కోణం కోణానికీ, మారుతుంది. నాలుగు రకాలు వేసి చూసి, ఏది ఎక్కడ తప్పిందో రాసిన రిపోర్టుకే నేనైతే మార్కులు వేస్తాను.

* * *

ల్యాబులో ఆ సాయంత్రం తెర మీద అదే ఆట నడిచింది. పొరల లెక్కకు బోస్టన్ సంకలనాన్నే తీసుకుందాం, అది సెకనుకు 360 కొలతల చొప్పున నమోదైంది. కాబట్టి అందులో 180 హెర్ట్జ్‌ల దాకా సమాచారం పట్టే వీలుంది. మొదటి విడత విడదీస్తే 90 నుంచి 180 దాకా ఒక పొర. రెండోసారి 45 నుంచి 90. మూడోసారి 22.5 నుంచి 45. నాలుగోది 11 నుంచి 22, అయిదోది 5.6 నుంచి 11. ఎనిమిది విడతలయ్యాక అడుగున మిగిలేది 0.7 కంటే నెమ్మదైన ఊగిసలాట.

ఆ పొరల్లో ఎవరిల్లు ఎక్కడో చూడండి. పిడికిలి బిగించినప్పుడు లేచిన బొచ్చు చాలా మటుకు మొదటి రెండు పొరల్లో. గుండె శిఖరం బలం నాలుగు, అయిదు పొరల్లో. ఊపిరి తీసినప్పుడు గీత మొత్తం పైకీ కిందికీ తేలే ఊగు అట్టడుగున. సీనియర్ మొదటి పొరను సున్నా చేసి మళ్లీ కలిపాడు, బొచ్చు సగం రాలింది. రెండో పొర మీద చేయి వేయబోయి ఆగాడు.

"అదీ తీసెయ్ అన్నా."

"తీస్తే శిఖరం మొద్దువారుతది. చూడు."

తీసి చూపించాడు. గీత అందంగా ఉంది. శిఖరం ఎత్తు మాత్రం తగ్గింది, దాని మొదట్లో ఉన్న చిన్న నొక్కు మాయమైంది. ఆ నొక్కు పాత గుండెపోటు మచ్చ కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. తీసేశాక అడగడానికి ఏమీ మిగలదు.

360 అనే అంకె వెనక ఇంకో సంగతి ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్‌లు. 360లో 60 సరిగ్గా ఆరుసార్లు పోతుంది, కాబట్టి కరెంటు హోరును తీసేసే ఫిల్టర్ తేలికగా రాసుకోవచ్చు. ఆ వేగం అందుకే ఎంచుకున్నారు. మనకు 50. 360లో 50 ఏడుసార్లు పోయి ఇంకా మిగులుతుంది. బోస్టన్ ఫైళ్ల మీద చక్కగా పనిచేసిన ప్రోగ్రాం, మన గోడ ప్లగ్గు పక్కన పడుకున్న మనిషి మీద తడబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పొర మొత్తాన్ని తీసేయకుండా, పొరలో కొంత మాత్రమే తీసే దారిని 1994లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ డోనోహో, ఇయాన్ జాన్‌స్టన్ చూపారు. రొద పొరంతా సన్నగా పరచుకుని ఉంటుంది. నిజమైన సంకేతం కొన్ని చోట్లే గట్టిగా పోగవుతుంది. కాబట్టి ఒక గీటు గీసి, దాని కింద ఉన్నవి తీసేయండి, పైన ఉన్నవి ఉంచండి. గీటు ఎక్కడ గీయాలో రొద బలాన్ని బట్టీ, కొలతల సంఖ్యను బట్టీ సూత్రం ఇచ్చారు. బాగా పనిచేస్తుంది. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు మాత్రం రొద కూడా పోగులు పడుతుంది, గీటు దాటుతుంది.

అప్పుడేం చేయాలి? 1995లో చైనాలో షియాన్ జియావోటాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన కుయ్‌వెయ్ లీ, మరికొందరు సహచరులు ఒక జవాబు ప్రచురించారు. ఒక్క పొరలో చూడొద్దు, పొర నుంచి పొరకు దిగుతూ చూడండి అన్నారు. గుండె శిఖరం ఏ పొరలోకి దిగినా తన జాడ వదులుతుంది. కండరం రొద పైపొరల్లో ఎంత ఎగిరినా కింది పొరలకు వచ్చేసరికి ఆరిపోతుంది. బోస్టన్ రికార్డుల మీద 99.8 శాతం శిఖరాలు దొరికాయి. దానికి పదేళ్ల ముందే, 1985లో, జియాపూ పాన్, విల్లిస్ టాంప్‌కిన్స్ వేవ్‌లెట్ ఊసే లేకుండా చిన్న జెడ్80 ప్రాసెసర్ మీద 99.3 తెచ్చారు. అంటే ఇంత గణితానికీ దక్కింది అర శాతమా అని పెదవి విరిచేవారుంటారు. లక్ష బీట్లలో అర శాతమంటే 500. శిఖరం లెక్కపెట్టడం దగ్గరే ఆగితే పాత పద్ధతి చాలనే నా అభిప్రాయం కూడా. శిఖరం పక్కనున్న చిన్న గుబ్బలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో చెప్పాలంటేనే వేవ్‌లెట్ విలువ తెలుస్తుంది.

ఆ రికార్డుల్లో 105 నంబరు ఒకటుంది. అది రొదతో నిండిపోయిన టేపు. పాన్, టాంప్‌కిన్స్‌ల పద్ధతి బాగా తడబడిన చోట్లలో అదొకటి. ఆ మనిషి ఆ అరగంటలో ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. మెట్లు ఎక్కుతోందో, సామాను మోస్తోందో. తమ పద్ధతి గొప్పదని చెప్పే ప్రతివాడూ ఆమె అరగంట దాటుకుని రావలసిందే.

* * *

గచ్చిబౌలి నుంచి ఆలిండ్ వైపు వెళ్లే దారిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, సి.ఆర్. రావు పేరు మీద ఒక గణిత, గణాంక సంస్థ ఉంది. ఆ రోడ్డుకూ ఆయన పేరే. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1945లో కలకత్తాలో ఉండగా, పాతికేళ్ల వయసులో ఒక హద్దు కనిపెట్టారు. రొద కలిసిన కొలతల నుంచి ఒక విలువను పక్షపాతం లేకుండా అంచనా వేస్తే, ఆ అంచనాలో కొంత అనిశ్చితి తప్పదు, ఎంత తెలివైన పద్ధతి వాడినా దాని కిందికి పోలేము. ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. రొద తగ్గించకుండా ప్రోగ్రాం ఎంత మార్చినా లాభం ఒక చోట ఆగిపోతుందని తెలుసుకోవడానికి వేవ్‌లెట్ మీద పనిచేసే కుర్రాళ్లు ఆ హద్దు దగ్గరికి రావాలి. రోజూ ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగుతూనే ఉన్నారు.

తెలుగునేల మీద ఈ చదువుకు పాఠ్యపుస్తకం కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య డి.సి. రెడ్డి బయోమెడికల్ సిగ్నల్ ప్రాసెసింగ్ మీద రాసిన పుస్తకం 2005లో వచ్చింది. అదే ఏడాది బోస్టన్ సంకలనంలో అప్పటిదాకా ఇంటర్నెట్‌లో పెట్టని రికార్డులు కూడా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు వాటి కోసం టేపులు, సీడీలు తెప్పించుకోవలసి వచ్చేది.

కండరం వైపు కథ కూడా ఇక్కడిదే. రోజుకు పది గంటలు తెర ముందు కూర్చునే ఉద్యోగి మెడ నుంచి భుజానికి దిగే కండరం, పెద్ద బరువేమీ మోయకుండానే అలిసిపోతుంది. అలిసిన కండరం సంకేతం వింతగా మారుతుంది. బలం పెరిగినట్టు కనిపిస్తూనే, వేగం తగ్గుతుంది. కండరపు పోగుల్లో కరెంటు నడిచే వేగం పడిపోవడం దానికి ముఖ్య కారణం. చెయ్యి కదలకుండా పట్టుకుని ఉంటే దీన్ని ఫూరియేతోనే కొలవచ్చు. టైపు చేస్తూ, మౌస్ తిప్పుతూ, లేచి టీ తాగి వచ్చి కూర్చునే మనిషిలో సంకేతం క్షణక్షణం మారుతుంది, అక్కడ నెలాఖరు బిల్లు పనికిరాదు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన విన్సెంజ్ ఫాన్ చార్నర్ 2000లో కండరాలకే సరిపోయేలా వేవ్‌లెట్ల వరసను కూర్చాడు. అడుగు నేల మీద పడకముందే కాలి కండరం ఎలా సిద్ధపడుతుందో అలాంటి పద్ధతుల్లోనే తెలుస్తుంది.

ఆ ల్యాబులో పిడికిలి బిగించిన కుర్రాడు అసలు వచ్చిందీ ఇందుకే. వాడి ప్రాజెక్టు ఈసీజీ కాదు, ముంజేతి కండరాన్ని బట్టి కృత్రిమ చేతిని మూయడం, తెరవడం. సీనియర్‌ది గుండె. ఒకడు పారేసే ఫైలు ఇంకొకడికి డేటా అని, ఇద్దరూ ఒకే రికార్డింగును పంచుకుంటున్నారు. ఇద్దరికీ కోడు ఒకటే, సున్నా చేసే పొరలే వేరు.

* * *

ఇంత చెప్పాక రొద అంటే పారేయవలసిందేనా అన్న ప్రశ్న మిగులుతుంది. గుండెపోటు వచ్చి తగ్గిన వాళ్లలో కొందరికి, మచ్చ కట్టిన కండరంలో కరెంటు నత్తనడక నడుస్తుంది. దాని ఫలితంగా ఈసీజీ శిఖరం తోక దగ్గర కొద్ది మైక్రోవోల్టుల సన్నటి వణుకు ఉంటుంది. వాటిని లేట్ పొటెన్షియల్స్ అంటారు. ప్రాణాంతకమైన లయ తప్పుదలకు అది ముందస్తు సూచన కావచ్చు. చూడటానికి అచ్చం కండరం రొదే. ఉండే పొర కూడా అదే. అందుకే వందల బీట్లను సగటు తీసి దాన్ని వెతుకుతారు. కండరం రొద బీటు బీటుకూ వేరుగా ఉంటుంది కాబట్టి సగటులో చెరిగిపోతుంది, ఇది ప్రతి బీటుకూ అక్కడే ఉంటుంది కాబట్టి మిగులుతుంది. 1994లో ఫ్రాన్సులో ఒలివియె మెస్త్ బృందం ఇదే వణుకును వేవ్‌లెట్‌తో పరిశీలించింది. శుభ్రం చేసే మీట నొక్కి ఉంటే అందులో ఏదీ కనపడదు.

అడుగు పొరకూ అదే ప్రమాదం. ఊపిరి ఊగును తీసేయడానికి 0.5 హెర్ట్జ్‌ల కింద ఉన్నదంతా మామూలు ఫిల్టర్‌తో కోస్తే, శిఖరం తర్వాత సాగే ఎస్‌టీ భాగం వంగిపోవచ్చు. గుండెపోటు ఉందా లేదా అని డాక్టరు చూసే చోటే అది. లేని జబ్బు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపించవచ్చు. అందుకే అమెరికా హృద్రోగ సంఘాల 2007 మార్గదర్శకాలు మామూలు ఫిల్టర్‌కు కింది హద్దు 0.05, పెద్దవాళ్లకు పై హద్దు కనీసం 150 ఉండాలన్నాయి.

ఈ హద్దులు రహస్యం కాదు, మీ ఇంట్లోనే ఉన్నాయి. కంపెనీ హెల్త్ చెకప్‌లో ఇచ్చిన ఈసీజీ కాగితం బీరువాలోంచి తీసి, కింది అంచు చూడండి. 25 ఎంఎం/సె, 10 ఎంఎం/ఎంవీ అన్న వాటి పక్కన చాలా యంత్రాలు ఫిల్టర్ అంకెలు కూడా అచ్చు వేస్తాయి. 0.05-150 అని ఉంటే గీత కాస్త గరుకుగా ఉన్నా అది మీదే. పై అంకె 25 అనో, 35 అనో, 40 అనో ఉంటే, గీత నున్నగా ఉండటానికి ఏదో వదులుకున్నారని అర్థం. తప్పని చెప్పను, చలికి వణికే మనిషికి ఒక్కోసారి వేరే దారి లేదు. కానీ డాక్టరుకు ఆ కాగితం చూపించేటప్పుడు ఆ అంకె కూడా చూపించండి.

తర్వాత ఈసీజీకి వెళ్లినప్పుడు ఫోన్ జేబులోంచి తీసి దూరంగా పెట్టండి. గది చల్లగా ఉంటే మొహమాటపడకుండా దుప్పటి అడగండి. చేతులు బల్ల మీద పూర్తిగా వదిలేయండి, పిడికిళ్లు విప్పండి, ఆ పది సెకన్లు మాట్లాడకండి. అసలు పుట్టని రొదను తీసేసే పని ఏ వేవ్‌లెట్‌కూ ఉండదు. ఇక ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేయి లాగుడు ఉంటే చేతికున్న స్మార్ట్‌వాచ్‌ని సలహా అడగకండి. దానిది ఒక్క లీడు ఈసీజీ, గుండెపోటును పట్టలేదని తయారీదారులే చెబుతున్నారు. 108కి ఫోన్ చేసి, పన్నెండు లీడ్ల ఈసీజీ తీసే చోటికి వెళ్లండి.